ప్యాంటు ఉన్న కుక్క, పట్టీ ఉన్న కుక్క

ఈ మధ్య పనిలో మాట పడ్డాను. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, పెద్దవాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నాది రాత్రి డ్యూటీ. కారిడార్ చివరి గదిలో ఉండే పెద్దాయన పాదాలు వాచినట్టు రాత్రి రెండింటికే గమనించాను, పుస్తకంలో రాశాను. పొద్దున పగటి షిఫ్టు వాళ్లకు అప్పగించే సమయంలో మాత్రం నోరు విప్పలేదు. ఆ పేజీ మధ్యాహ్నం దాకా ఎవరూ తిరగేయలేదట. మర్నాడు సీనియర్ పక్కకు పిలిచి, "రాస్తే చాలదు, చెప్పాలి. నువ్వెప్పుడూ ఎందుకు మాట్లాడవు?" అని అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

రాశాను కదా అని బస్సులో ఇంటికి వెళ్తూ దారంతా గొణుక్కున్నాను. నలుగురు పెద్దవాళ్లు నిలబడి మాట్లాడుకునే చోట అడగకుండా తలదూర్చవద్దని నేర్పి పెంచారు మమ్మల్ని. అది వినయం. ఇక్కడేమో అదే లోపం. చేసిన పని మళ్లీ నోటితో కూడా చేసి చూపించాలి.

ఆ పెద్దాయన ఒకప్పుడు బడిపంతులు. ఇక్కడ అందరూ పేరు పెట్టి పిలుస్తారు, తొంభైకి దగ్గరపడిన మనిషిని! నాకు నోరు రాదు. మనసులో మాస్టారు అనే అంటాను. నిద్ర పట్టని రాత్రుల్లో ఆయన టీవీలో పాత మిక్కీ మౌస్ కార్టూన్లు చూస్తారు. అలాంటి ఒక రాత్రి ఆయనే ప్రశ్న వేశారు, క్లాసులో వేసినట్టు. "గూఫీ కుక్కే. ప్లూటో కుక్కే. ఒకటి మాట్లాడుతుంది, ఒకటి మొరుగుతుంది. ఎందుకు?"

నాకు తెలియదన్నాను. "ప్యాంటు!" అన్నారు. ప్యాంటు తొడుక్కుని రెండు కాళ్ల మీద నడిచేది మాట్లాడుతుంది, లేనిది మొరుగుతుంది. అంతే సిద్ధాంతం.

"మరి డోనాల్డ్ డక్?" అన్నాను. చొక్కా ఉంది, టోపీ ఉంది, ప్యాంటు లేదు. 1934 నుంచి నోరు మూసింది లేదు. మాస్టారు దగ్గు వచ్చేదాకా నవ్వారు, నేను నీళ్లు పట్టాను. "అది మాటేనా? ఒక్క ముక్క ఎవరికైనా అర్థమవుతుందా?" అన్నారు. అది నాకు తగిలింది. మందుల షాపుకు ఫోను చేస్తే ఒక్కో పేరూ మూడుసార్లు చెప్పించుకుంటారు. నాలుగోసారికి నా గొంతు నాకే బాతు గొంతులా వినిపిస్తుంది.

ప్లూటో 1930లో వచ్చాడు. మరుసటి ఏడాది ఒక చిత్రంలో ఒకటి రెండు మాటలు కూడా అన్నాడు. అది కుదరలేదు, మళ్లీ మొరుగుడుకే వెళ్లాడు. గూఫీ 1932లో వచ్చాడు, ప్రేక్షకుల మధ్య కూర్చుని పగలబడి నవ్వే పాత్రగా. తమాషా ఏమిటంటే గూఫీ మాటలూ ప్లూటో మొరుగుళ్లూ పలికింది ఒక్కరే, పింటో కోల్విగ్ అనే ఆయన. ఇది తెలిసినప్పుడు నాకు నవ్వు రాలేదు. అమ్మతో ఫోనులో గంటసేపు ఆపకుండా మాట్లాడేదీ, పొద్దున ఏడున్నరకు అప్పగింతలో గోడకు ఆనుకుని నిలబడేదీ ఒక్క గొంతే కదా.

మాస్టారి కప్పు మీద గ్రోమిట్ బొమ్మ ఉంటుంది. ఈ ఊరి స్టూడియోలో పెరిగిన మట్టిబొమ్మల సినిమా కుక్క. 2013లో ఊరంతా 80 పెద్ద గ్రోమిట్ విగ్రహాలు పెట్టి, తర్వాత పిల్లల ఆసుపత్రి కోసం వేలం వేశారు. ఆ బొమ్మకు నోరే లేదు. ముక్కు, రెండు కళ్లు, వాటి పైన ముద్దలాంటి నుదురు. మొదట దానికి మాటలు పెట్టాలనే దాన్ని సృష్టించిన నిక్ పార్క్ అనుకున్నాడట. యజమాని వాలెస్ రంపంతో తలుపు కోస్తుంటే ఆ తలుపును వీపు మీద మోసే దృశ్యం తీస్తున్నప్పుడు బొమ్మ మూతి దాకా చెయ్యి అందక నుదురు మాత్రం కదిపాడు. చాలనిపించింది. 1989లో చిత్రం బయటికి వచ్చేసరికి గ్రోమిట్ మూగవాడు. పేపరు చదువుతాడు, అల్లికలు అల్లుతాడు, వాలెస్ తెచ్చుకున్న ప్రతి ఉపద్రవం నుంచీ గట్టెక్కిస్తాడు. మాటలన్నీ వాలెస్‌వే.

ఇది చెప్పి, ప్యాంటు కాదు మాస్టారూ, మెడ పట్టీ అన్నాను. ప్లూటోకు మిక్కీ యజమాని, గ్రోమిట్‌కు వాలెస్. స్నూపీకి బొమ్మల కథలో బోలెడు ఆలోచనలు ఉన్నా అవి తల మీది బుడగలోనే, యజమాని చార్లీ బ్రౌన్‌తో పైకి అనడు. యజమాని ఉన్నవాడికి మాట లేదు. ఇంకో కార్టూన్ కుక్క స్కూబీ డూ అడ్డం వస్తాడు, ఒప్పుకుంటాను. పట్టీ ఉంది, మాటా ఉంది, కానీ అది సగం మాటే.

పంచతంత్రంలో మృగాలన్నీ మాట్లాడతాయని అంటాం కదా. మళ్లీ గుర్తు చేసుకుని చూడండి. వర్తకుడి బండి లాగినంతసేపూ సంజీవకుడనే ఎద్దు ఒక్క మాట అనడు. కాలు విరిగి, కాడి దిగి, అడవిలో వదిలేశాక రంకె వేస్తాడు, సింహానికే గుండె ఝల్లుమంటుంది. ఆ తర్వాతే సింహంతో స్నేహం, చర్చలు, శాస్త్రాలు.

నా వీసా ఈ ఉద్యోగానికి ముడిపడి ఉంది. స్పాన్సర్‌షిప్ పోతే సాధారణంగా 60 రోజులు ఇస్తారు, ఆలోగా ఇంకో చోటు చూసుకోవాలి. ఈ సంగతి మాస్టారికి చెప్పలేదు. సీనియర్‌కు కూడా చెప్పలేదు, ఆమె ప్రశ్నకు అసలు జవాబు అదే అయినా. వినయం అని పైన రాశాను, అందులో సగమే నిజం.

అయితే మాస్టారు ఊరుకునే రకం కాదు. కప్పు తిప్పి గ్రోమిట్ నుదురు నాకు చూపించారు. "వీడికి కెమెరా ఉంది. నుదురు కదిపితే తెర నిండా కనిపిస్తుంది. పొద్దున ఏడున్నరకు నీ నుదురు ఎవరు చూస్తున్నారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. వాచింది ఆయన పాదాలే మరి. స్టూలు మీద దిండు సర్ది వాటిని పైకి పెట్టాను. బొటనవేలితో నొక్కితే ఇంకా గుంట పడుతోంది.

ఆ పొద్దున అప్పగింతలో నా వంతు రాకముందే చెప్పాను. ఎడమ పాదం వాపు తగ్గలేదు, కుడిది తగ్గింది, రాత్రి రెండుసార్లు నీళ్లు తాగారు అని. అవతలి చివర నిలబడిన అమ్మాయికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.