నా అరచెయ్యి, 1 శాతం

గురువారం. నా బొల్లి మచ్చలకి లైట్ ట్రీట్‌మెంట్ రోజే, కానీ ఈసారి కొలతలు కూడా తీశారు. కొత్తగా వచ్చిన పీజీ డాక్టరమ్మ చాలా ఓపికగా చూసింది. "వేళ్ళు దగ్గరగా పెట్టి చెయ్యి చాపండమ్మా" అని, నా అరచేతినే నా కాలి మచ్చ మీద ఆనించమంది. వేళ్ళతో సహా అరచెయ్యంటే ఒంటి మీది చర్మంలో దాదాపు 1 శాతం. నిజానికి పెద్దవాళ్ళలో ఇంకాస్త తక్కువే ఉంటుందట, అయినా ప్రతిసారీ అదే కొలత వాడితే పోల్చుకోవడానికి ఇబ్బంది లేదు. డాక్టరు చెయ్యి పనికిరాదు, పేషెంటు చెయ్యే కావాలి. నా తర్వాత వచ్చిన చిన్నపిల్లాడికి వాడి చెయ్యే లెక్క.

మచ్చ ఎంత పెద్దదో చూస్తే సరిపోదు, అందులో రంగు ఎంత పోయిందో కూడా చూడాలి. పూర్తిగా తెల్లబడితే 100. మామూలు రంగు చుక్కలుగా మాత్రమే మిగిలితే 90, తెలుపూ రంగూ సమానంగా ఉంటే 50, తెల్ల చుక్కలు మాత్రమే ఉంటే 10. మధ్యలో 75, 25 ఉన్నాయి. ఎన్ని అరచేతులో దాన్ని ఈ శాతంతో గుణించి, ఒళ్ళంతా కూడితే వాసి స్కోరు, అంటే బొల్లి ఎంత ఉందో చెప్పే లెక్క. 2004లో హమ్జావీ, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతి ఇది.

నా మోకాళ్ళ కింద మచ్చలు రెండు అరచేతులంత. మొదట్లో పూర్తి తెలుపు కాబట్టి స్కోరు 2. ఇప్పుడు వెంట్రుకల మొదళ్ళ చుట్టూ గోధుమరంగు చుక్కలు లేచి ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. డాక్టరమ్మ 50 వేసింది, అంటే స్కోరు 1. మచ్చ అంచులు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, లెక్క మాత్రం సగమైంది! టేపు పెట్టి కొలిస్తే ఈ మార్పు కనబడేదే కాదు. ఎంత సంతోషమేసిందో. వేళ్ళ చివర్లు మాత్రం అలాగే ఉన్నాయి. రంగు కణాలు ఎక్కువగా వెంట్రుకల కుదుళ్ళ నుంచే తిరిగి వస్తాయి, అక్కడ కుదుళ్ళే లేవు.

నోటి పక్కనున్న మచ్చ బొటనవేలి గోరంత. స్కోరులో 0.1 కూడా రాదు. నాకైతే ఒంటి మీద అన్నిటికన్నా పెద్ద మచ్చ అదే. కాలి మీది రెండు అరచేతుల్నీ చీర కప్పేస్తుంది, దీన్ని ఏది కప్పుతుంది? ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ళ చూపు అక్కడికే వెళ్తుంది. అందుకే ముఖానికి విడిగా స్కోరు వేయడం న్యాయమనిపించింది. 2022 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బొల్లికి అనుమతించిన రుక్సోలిటినిబ్ క్రీమ్ పరీక్షల్లో ప్రధానంగా చూసింది కూడా ముఖమే: 24 వారాలకి ముఖం స్కోరు కనీసం 75 శాతం తగ్గిందా అని. క్రీమ్ రాసుకున్న వాళ్ళలో సుమారు 30 శాతం మందికి తగ్గింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కావిడ నా వేళ్ళు చూసి కొంగు దగ్గరికి లాక్కుంది. ఊరుకోలేకపోయాను. "ఇది అంటుకోదండీ, బొల్లి. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున రంగు కణాల మీద పడుతుంది. కుష్టు మచ్చకైతే స్పర్శ పోతుంది, నాకు గిల్లితే తెలుస్తుంది" అన్నాను. ఆవిడ మెల్లగా "చేపలు తిని పాలు తాగారా?" అని అడిగింది. మా ఇంట్లో అసలు చేపలే వండుకోము అని చెప్పాను. దిగేవరకూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది, అదీ మంచిదే.

సాయంత్రం పాప నా వీపు కొలుస్తానంది. నా చెయ్యి నా వీపుకి అందదు కదా. పాత క్యాలెండర్ వెనక నా చెయ్యి పెట్టి పెన్సిల్‌తో గీసి, కత్తిరించింది. ఆ కాగితం చేతితో కొలిస్తే వీపు మీద అరచేతిలో సగం. రంగు దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు, ఫోటో చూసి నేను 75 అంటే అది 90 అంది. చూసే కన్ను మారితే లెక్కా మారుతుంది కాబట్టి ఇక నుంచి వీపు దానికే వదిలేశాను. 90 అనే రాశాం. ఫోటోలు కూడా ఎప్పుడూ హాల్లో ట్యూబ్‌లైట్ కిందే తీయాలని, కాగితం చెయ్యి ఫైల్లో పెట్టి డాక్టరమ్మకి చూపించాలని అంటోంది.