పదిహేనా, యాభయ్యా?

"ఫిఫ్టీన్" అన్నారో "ఫిఫ్టీ" అన్నారో నాకు సరిగ్గా వినపడలేదు. ఆ ఉదయం అప్పటికే రెండుసార్లు "సారీ, మళ్లీ చెప్తారా" అన్నాను. మూడోసారి అడగడానికి నోరు రాలేదు. పెట్టెలకు అంటించే లేబుళ్లు యాభై ప్రింట్ తీసి ఇచ్చాను. వాళ్లకు కావలసినవి పదిహేను.

ఎక్కువ వచ్చిన 35 లేబుళ్లను ఎవరూ చించి పారేయలేదు, బల్ల మీదే ఉండిపోయాయి. మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చినవాళ్లు అవి తమకోసమే పెట్టారనుకుని వేరే సరుకు పెట్టెలకు అంటించేశారు. సాయంత్రం స్కానింగ్ దగ్గర లెక్క తేలలేదు. లారీ ఎక్కించిన పెట్టెల్ని మళ్లీ దింపి, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి, తప్పు లేబుల్ మీద సరైనది అంటించేసరికి రాత్రి తొమ్మిది దాటింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పరాయి దేశంలో పనిచేసేవాళ్లకు ఈ బాధ తెలుసు. ఇంగ్లిష్ రాక కాదు. చదువుతాం, రాస్తాం, మెయిల్ తప్పుల్లేకుండా పంపుతాం. కానీ ఫ్యాన్ల హోరులో, ఫోర్క్‌లిఫ్ట్ బీప్ బీప్‌ల మధ్య, ఇరవై అడుగుల దూరం నుంచి, అలవాటు లేని యాసలో ఎవరైనా ఒక అంకె అరిస్తే తడబడతాం. మా వేర్‌హౌస్ ఆఫీసులో అయిదారు భాషలవాళ్లం ఉన్నాం. వాళ్ల యాస నాకు కష్టం, నా యాస వాళ్లకు కష్టం. ఇంతమందికీ కలిపి ఒక్కటే లేబుల్ ప్రింటర్. దానికి యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించిన కంప్యూటర్ ఒక్కటే. ఆ కంప్యూటర్ ముందు నేను.

ఎవరికి లేబుల్ కావాలన్నా నాకే చెప్పాలి. కొందరు ఫోన్ చేసేవారు, కొందరు అక్కణ్నుంచే కేకేసేవారు. ప్యాకింగ్‌లో ఒకావిడ ఉండేది. ఆమెకు ఇంగ్లిష్ నాకన్నా తక్కువ. అట్టపెట్టె ముక్క మీద మార్కర్‌తో అంకె రాసుకుని, నా బల్ల దాకా నడిచొచ్చి చూపించేది. రోజుకు ఎన్నిసార్లు అలా నడిచేదో లెక్కలేదు. ఆమె తెచ్చిన అంకెలో మాత్రం ఒక్కసారి కూడా తప్పు జరగలేదు.

ప్రింటర్‌ను అన్ని కంప్యూటర్లకీ కలిపేస్తే ఎవరి లేబుళ్లు వాళ్లే తీసుకుంటారు కదా అన్న ఆలోచన ఆ మర్నాడే వచ్చింది. పైకి చెప్పడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నదే లేబుళ్లు తీసి ఇవ్వడానికి. ఆ పని అందరూ చేసుకోగలిగితే ఇక నేనెందుకు? నా వీసా ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. అది పోతే ఉంటున్న ఇల్లు, కట్టాల్సిన అప్పు, అన్నీ ప్రశ్నలే. మంచి ఆలోచన వచ్చినా నోరు విప్పే ముందు ఈ లెక్క వేసుకోవాల్సి రావడం ప్రవాసంలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచిన విషయం.

చివరికి ఒక కాగితం మీద రాసి మేనేజర్‌కి ఇచ్చాను. మాటల్లో అయితే మళ్లీ తడబడతానని భయం. ఆమె చదివి, "చేసి చూడు. కానీ లారీ టైముకి లేబుల్ ఆగకూడదు" అన్నారు.

మొదట సులువైన దారి పట్టాను. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, షేరింగ్ ట్యాబ్‌లో "షేర్ దిస్ ప్రింటర్" మీద టిక్ పెట్టి, మధ్యలో ఖాళీలు లేని చిన్న పేరు ఒకటి ఇచ్చాను. అవతలి కంప్యూటర్లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి నా కంప్యూటర్ పేరు రాస్తే ప్రింటర్ కనిపించింది. దాని మీద డబుల్ క్లిక్ చేయగానే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. ఇది ఊరికే పెట్టిన అడ్డు కాదు. 2021లో విండోస్ ప్రింట్ స్పూలర్‌లో, అంటే ప్రింట్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే భాగంలో, ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడింది. ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, ఎక్కించే దారిలోనే దొంగ ప్రోగ్రాం చొరబడి కంప్యూటర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకునే వీలుండేది. ఆ ఏడాది ఆగస్టు అప్‌డేట్ నుంచి ఇలా షేర్ చేసిన ప్రింటర్ డ్రైవర్ ఎక్కించాలంటే మామూలుగా అడ్మిన్ అనుమతి కావాలి.

అంటే ఐటీ వాళ్లకు ఫోన్ చేయాలి. బీ, డీ, ఈ, పీ అన్నీ ఫోన్లో ఒకేలా వినపడతాయి. మా కంప్యూటర్ల పేర్ల నిండా అవే అక్షరాలు. అందుకని ముందే అన్ని పేర్లూ మెయిల్లో రాసి పంపి, ఆ తర్వాత ఫోన్ చేశాను. అవతలాయన "మెయిల్ చూశాను, ఒక్కొక్కటీ చేసుకుంటూ వెళ్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం పోయింది.

మూడు రోజులు బాగా నడిచింది. నాలుగో రోజు సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండగా ఫోన్ వచ్చింది, ఏ కంప్యూటర్ నుంచీ లేబుల్ రావడం లేదని. కారణం నేనే. ఇంటికొస్తూ నా కంప్యూటర్ ఆఫ్ చేశాను. యూఎస్‌బీ ప్రింటర్‌ను షేర్ చేస్తే అందరి ప్రింట్లూ ఆ కంప్యూటర్ గుండానే వెళ్తాయి. అది ఆగితే అందరూ ఆగుతారు. ఆఫ్ చేయకుండా వదిలేసినా స్లీప్‌లోకి వెళ్తే అంతే, అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అవుతున్నా అంతే. అరుపులు తగ్గాయి గానీ, అందరి పనీ ఒక్క బల్ల మీద ఆధారపడటం మాత్రం మారలేదు.

అసలు దారి ప్రింటర్ వెనకే ఉంది. ఒక రోజు రోల్ మార్చి దుమ్ము తుడుస్తుంటే యూఎస్‌బీ పక్కన చిన్న రబ్బరు మూత వేలికి తగిలింది. తీసి చూస్తే నెట్‌వర్క్ కేబుల్ సాకెట్. ఇన్నేళ్లూ ఎవరూ ఆ మూత తీసిన జాడ లేదు.

ఐటీ ఆయన కేబుల్ పంపించాడు. మా మోడల్‌లో ఫీడ్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ప్రింటర్ తన సెట్టింగులన్నీ ఒక లేబుల్ మీద తనే అచ్చువేస్తుంది. అందులో నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా అయిన ఐపీ అడ్రస్ ఉంటుంది, తయారీలోనే దానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, మ్యాక్ అడ్రస్ ఉంటుంది. ఐపీ అడ్రస్‌ను అలా వదిలేస్తే కరెంటు పోయొచ్చాక మారిపోవచ్చు, అప్పుడు కంప్యూటర్లన్నీ పాత అడ్రస్‌కే పంపుతుంటాయి. అందుకే ఆ మ్యాక్ అడ్రస్‌కు ఎప్పుడూ అదే ఐపీ వచ్చేలా ఆయన నెట్‌వర్క్‌లో కేటాయించాడు. ప్రతి కంప్యూటర్లో, ప్రింట్లను నెట్‌వర్క్ ద్వారా ఆ ఐపీకే పంపే స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఒకటి తయారుచేసి, పోర్ట్ నంబరు 9100 ఇచ్చాడు. ఇక ఏ కంప్యూటర్ అయినా నేరుగా ప్రింటర్‌తోనే మాట్లాడుతుంది, మధ్యలో నేను లేను. ఒకే ఒక్క కంప్యూటర్లో, ప్రింటర్ పచ్చ దీపంతో వెలుగుతున్నా "ఆఫ్‌లైన్" అని చూపించింది. కంప్యూటర్ ప్రింటర్ స్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి ఎస్ఎన్ఎంపీ. పోర్ట్ సెట్టింగుల్లో ఆ ఎస్ఎన్ఎంపీ స్టేటస్ టిక్ తీసేశాక సర్దుకుంది.

9100 పోర్ట్ నువ్వెవరని అడగదు. నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరు పంపినా అచ్చువేసేస్తుంది. అందుకే ప్రింటర్‌ను అతిథులకిచ్చే వైఫైకి అందకుండా, ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉంచమన్నాను. ఈ విషయంలో నేను మెత్తబడను. లేబుల్ చిన్న కాగితమే అయినా దాని మీద మనుషుల పేర్లు, చిరునామాలు ఉంటాయి.

కలపడం రెండు రోజుల్లో అయిపోయింది. సైజు గొడవలు తీరడానికి రెండు వారాలు పట్టింది.

మాది 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు లేబుల్. ఉదయం షిఫ్టులో చక్కగా వచ్చిన లేబులే అదే కంప్యూటర్ నుంచి సాయంత్రం షిఫ్టులో సగానికి తెగి వచ్చేది. ప్రింటర్ పాడైందన్నారు, రోల్ బాగాలేదన్నారు, కేబుల్ అన్నారు. అసలు సంగతి ఏమిటంటే, నేను సైజు మార్చింది "ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్"లో. అది ఎవరు లాగిన్ అయి మార్చారో వాళ్లకే వర్తిస్తుంది. సాయంత్రం వాళ్లది వేరే లాగిన్. అందరికీ వర్తించాలంటే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఉన్న "ప్రింటింగ్ డిఫాల్ట్స్"లో మార్చాలి. పేర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, పని మాత్రం వేరు. ఇది తెలియక నేను ప్రతి సాయంత్రం ఒక గంట ఎక్కువ ఉండి, ఉదయం సరిచేసిందే మళ్లీ సరిచేశాను.

అకౌంట్స్‌లో ఒకాయన ఇన్‌వాయిస్ ప్రింట్ కొడితే అది లేబుల్ రోల్ మీద వచ్చింది, పేజీ తర్వాత పేజీ. ఆయన ఎప్పుడూ వాడే ఏ4 ప్రింటర్ పక్కనే ఖాళీగా ఉంది. "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" అన్నది ఆన్‌లో ఉంటే, చివరగా ఏది వాడితే అదే డిఫాల్ట్ అవుతుంది. పొద్దున ఆయన ఒక్క లేబుల్ తీసుకున్నాడు, అంతే. అన్ని కంప్యూటర్లలో అది ఆఫ్ చేశాను.

బార్‌కోడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది కంటికి కనపడదు. మా ప్రింటర్ 203 డీపీఐ, అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలు. బార్‌కోడ్‌లో సన్న గీత వెడల్పు రెండు చుక్కలనుకుందాం. ఎవరైనా "ఫిట్ టు పేజ్" పెట్టి ప్రింట్ కొడితే బొమ్మ కాస్త కుదించుకుపోతుంది. రెండు చుక్కల గీత ఒకటీ ముప్పావు చుక్కలు కావాలి. ప్రింటర్ దగ్గర ముప్పావు చుక్క ఉండదు. కొన్ని గీతల్ని రెండుగా, కొన్నిటిని ఒకటిగా వేసేస్తుంది. చూడటానికి లేబుల్ నిక్షేపంలా ఉంటుంది. స్కానర్ మాత్రం చదవదు, చదివినా పది సార్లు పెడితే ఒకసారి. కాబట్టి "యాక్చువల్ సైజ్", నూటికి నూరు శాతం. దీన్ని పెద్ద అక్షరాలతో రాసి, తెర మీద ఏ బటన్ ఎక్కడుందో ఫొటో తీసి, బాణం గుర్తు పెట్టి ప్రతి బల్ల దగ్గరా అంటించాను. వాక్యాలు వీలైనంత పొట్టిగా రాశాను. నేను వచ్చిన కొత్తలో నాకు ఎవరైనా అలా రాసిచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ రాశాను.

ఎవరి లేబుల్ ఎవరిదన్న చిక్కు కూడా వచ్చింది. ఇద్దరు వెంట వెంటనే పంపితే రెండూ ఒకే పట్టీగా వేలాడుతుంటాయి. లేబుల్ కింది మూలలో బల్ల నంబరు చిన్నగా పడేలా చేశాం. ప్రింటర్ పక్కన అయిదు అరల ట్రే పెట్టి, ఒక్కో అర ఒక్కో బల్లకు ఇచ్చాం. తీసుకోవడానికి వచ్చినవాళ్లు తమది కానిదాన్ని అది ఏ బల్లదో ఆ అరలో వేసి వెళ్లాలి. ఇది ఏ సెట్టింగుతోనూ అయ్యే పని కాదు, ఒకరికొకరు చెప్పుకుని అలవాటు చేసుకున్నాం.

అన్నీ సర్దుకున్నాక ఒక రాత్రి ఆఫీసులో ఒంటరిగా ఉన్నప్పుడు తెలుగులో ఒక లేబుల్ తీయాలనిపించింది. ముందు వేర్‌హౌస్ సాఫ్ట్‌వేర్ నుంచి పంపాను. అది అక్షరాల్ని ప్రింటర్‌కు దాని సొంత ఆజ్ఞల భాషలో పంపుతుంది, అక్షరాల ఆకారాలు ప్రింటర్ దగ్గరున్న ఫాంట్‌లోంచి రావాలి. మా ప్రింటర్ ఫాంట్‌లో తెలుగు లేదు. తెల్ల లేబుల్ వచ్చింది. తర్వాత వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో నా పేరు రాసి మామూలు డ్రైవర్ ద్వారా పంపాను. అక్కడ అక్షరాల్ని విండోసే గీసి ఒక బొమ్మగా పంపిస్తుంది. చిన్న చప్పుడుతో లేబుల్ బయటికొచ్చింది. గుణింతాలు, తలకట్టు అన్నీ సరిగ్గా పడ్డాయి. కింద సన్నగా రాసిన వరుసలో మాత్రం ఒత్తులు కలిసిపోయి నల్లటి చుక్కలయ్యాయి, మిల్లీమీటరుకు 8 చుక్కల్లో అంత చిన్న ఒత్తు పట్టదు. అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ తీశాను. ఈ దేశంలో మిషన్ మీద అచ్చయిన నా పేరును తెలుగులో చూడటం అదే మొదటిసారి. తీసుకెళ్లి నా డ్రాయర్ మీద అంటించాను.

ఉద్యోగం పోలేదు. లేబుళ్లు, ప్రింటర్లు, స్కానర్లు చూసుకునే పని నా పేరు మీద రాశారు.

ప్యాకింగ్‌లో ఆవిడ ఇప్పుడు అంకె తనే టైప్ చేసుకుంటుంది. 15 అని తెర మీద కనిపిస్తుంది, 15 వస్తాయి. అట్టముక్కలతో పని లేదు. ఒక రోజు నా డ్రాయర్ మీదున్న లేబుల్ చూపించి, తన పేరు తన లిపిలో వస్తుందా అని సైగ చేసింది. నా కుర్చీలో కూర్చోబెట్టి కీబోర్డ్ భాష మార్చి ఇచ్చాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. లేబుల్ రాగానే దాన్ని రెండు చేతులతో పట్టుకెళ్లి లాకర్ తలుపుకి అంటించుకుంది.

ఇది వేడికి నల్లబడే కాగితం. వెలుతురు తగిలే చోట ఉంటే అక్షరాలు వెలిసిపోతాయి. కొన్ని నెలలకు నాదీ ఆమెదీ రెండూ పాలిపోయాయి. కొత్తవి తీయాలన్నప్పుడు ఆమె నా దగ్గరికి రాలేదు. తన బల్ల నుంచే తీసింది. ట్రేలో నా అరలో నా పేరు లేబుల్ కూడా ఉంది. మూలలో ఆమె బల్ల నంబరు.