కాడ దగ్గర తేడా

ఆదివారం, భాద్రపదం. రాత్రి వాన పడ్డది. హన్మకొండ పద్మాక్షి గుట్ట కింద మట్టి పొద్దుగాల ఇంకా తడిగానే ఉంది. బతుకమ్మకు గునుగు కోసేవాళ్ల కంట పడదు గానీ, ఆ గునుగు మొదట్లోనే వెర్రినేలవేము పరుచుకొని ఉంటుంది. బండల సందున ఇంకొకటి, అచ్చం దాని చెల్లెలే. రెండూ ఓల్డెన్‌లాండియా అనే ప్రజాతి మొక్కలు: మొదటిది కోరింబోసా, రెండోది హెర్బేషియా. మంజిష్ఠ కుటుంబం, యూరప్ పచ్చికల్లో పెరిగే గేలియంకు చుట్టాలు.

రెండింటికీ ఎదురెదురు సన్నటి ఆకులు, నాలుగు రేకుల తెల్ల పువ్వు. గేలియంలో ఆకులు కణుపు చుట్టూ వలయంగా కమ్ముకుంటాయి. వీటికి రెండు ఆకుల నడుమ పలుచని పొర, దాని అంచున నూగులాంటి ముళ్లు. పది రెట్ల భూతద్దంలో ముందు ఇది కనబడాలి. కనబడకపోతే అది ఈ రెంటిలో ఏదీ కాదు.

తర్వాత కాడ. కోరింబోసాలో ఆకు చంక నుంచి ఒకే కాడ లేచి, కొసన రెండు నుంచి నాలుగు పాయలవుతుంది. హెర్బేషియాలో ఆ ఉమ్మడి కాడే ఉండదు. దారంలాంటి తొడిమలు చంకలోనే మొదలవుతాయి, ఒంటిగానో జంటగానో. పువ్వు గొట్టం కూడా కోరింబోసాలో పొట్టి, హెర్బేషియాలో పొడవు. అయితే కోసిన కాసేపటికే రేకులు వాడిపోతాయి, గొట్టాన్ని నమ్ముకుంటే ఇంటికి వచ్చాక ఏమీ మిగలదు. కాడల అమరిక కాయ ఎండినా చెదరదు.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఒక్క కణుపు చూసి తేల్చినప్పుడే. కోరింబోసా కాడకు ఒక్కోసారి ఒక్క పువ్వే వస్తుంది, హెర్బేషియా అనిపిస్తుంది. ఒకే మొక్క మీద కనీసం ఐదు కణుపులు, అవీ కొమ్మ నడుమవి, చూడాలి. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కూడా 1753లో ఈ రెంటినీ వేర్వేరు ప్రజాతుల కింద పెట్టాడు. హెర్బేషియా ఆయన దగ్గర హెడియోటిస్. ఈ అక్కాచెల్లెళ్లను ఒక్క గూటికి చేర్చడమే సబబు అనిపిస్తుంది.

నమూనాగా దాచడానికి ఎండబెట్టేటప్పుడు వేరుతో సహా పీకి, మట్టి కడిగి, పాత పేపరు మడతలో కొమ్మలు విడివిడిగా పరవాలి. ఒకదాని మీద ఒకటి పడితే హెర్బేషియా జంట తొడిమలు అతుక్కొని ఒకే కాడలా ఎండుతాయి. ఆ తర్వాత ఎవరు చూసినా కోరింబోసా అనే రాస్తారు. పేపరు రోజూ మార్చాలి, ఈ తడి రోజుల్లో మొదటి రోజు రెండుసార్లు. లేకుంటే ఆకులు నల్లబడి రాలుతాయి.

ఇవాళ్టి చీటీ: హెర్బేషియా, బండ సందు, తొడిమ 14 మి.మీ., ఆరు కణుపులు చూసినవి, ఉమ్మడి కాడ ఎక్కడా లేదు.