పదిహేను సెకన్లలో ఎన్ని కాయలు?

ఆదివారం నుంచి మెడ పట్టేసింది. సెప్టెంబరు వచ్చిందంటే నాకిది మామూలే. కాలిఫోర్నియాలో శాన్ హోజే తూర్పు కొండల్లోని గ్రాంట్ పార్కులో నేనూ మా అమ్మాయీ పది ఓక్ చెట్లు ఎంచుకుని, ఏటా వాటి కింద తలెత్తి నిలబడి కాయలు లెక్కపెడుతున్నాం. ఇది నాలుగో ఏడు. దారిన పోయేవాళ్లు చెట్టు మీద డ్రోన్ ఇరుక్కుందేమో అనుకుంటారు.

పద్ధతి మాది కాదు. కార్మెల్ వ్యాలీలోని హేస్టింగ్స్ రిజర్వులో జీవశాస్త్రవేత్త వాల్ట్ కోనిగ్ వాళ్లు 1980లో మొదలుపెట్టారు. ఇద్దరు మనుషులు చెట్టులో చెరోవైపు చూస్తూ పదిహేను సెకన్లలో కనబడినన్ని కాయలు లెక్కపెట్టాలి. రెండూ కూడితే ఆ చెట్టుకి ఆ ఏటి అంకె. అంతే. మొదట చదివినప్పుడు ఇదేం సైన్సు అని నవ్వుకున్నాను. తర్వాత నూజివీడు దగ్గర మా తోట గుర్తొచ్చింది. గుత్తకి తీసుకునే వ్యాపారి చెట్ల మధ్య ఒక తిరుగుడు తిరిగి, పిందె చూసి, ఇన్ని టన్నులని చెప్పేసేవాడు. నాన్న బేరమాడేది రేటు దగ్గరే, టన్నుల దగ్గర కాదు.

నా కళ్లు మాత్రం ఆ వ్యాపారి కళ్లు కావు. మొదటి ఏడు మూడో చెట్టుకి ముప్ఫై ఎనిమిది రాసి మురిసిపోయాను. "నాన్నా, అందులో సగం కాయలే కావు" అంది అమ్మాయి. కందిరీగ జాతి పురుగు గుడ్లు పెడితే కొమ్మ ఉబ్బి కట్టిన బుడిపెలవి. అసలు కాయకి తొడిమ దగ్గరో టోపీ ఉంటుంది. ఆ వారమే బైనాక్యులర్స్ కొన్నాను.

పోయినేడు నలభై నాలుగున్న వ్యాలీ ఓక్ రకం చెట్టుకి ఈసారి రెండు. పక్కవీ అంతే. మామిడిలాగే కాపు తప్పడం వీటికీ ఉంది, కానీ ఏడు విడిచి ఏడని లెక్కేం లేదు. ఏప్రిల్ వెచ్చగా ఉంటే చెట్లన్నీ ఒకేసారి పూసి, గాలికి పుప్పొడి బాగా అందుతుందట. బ్లాక్ ఓక్‌ది ఇంకో కథ: ఈ ఏడు పూస్తే కాయ పండేది వచ్చే ఏడు.

ఈ కాయల కోసం జింకలు, అడవి పందులు, అన్నిటికంటే ముందు వడ్రంగిపిట్టలు కాచుకుని ఉంటాయి. ఎండిన మానుకి వేల బెజ్జాలు తొలిచి, బెజ్జానికో కాయ బిగిస్తాయి. చలికాలమంతా ఆ గాదె మీదే బతకాలి. కాపు లేని ఏడు దాటితే వసంతంలో పిల్లలూ తక్కువే.

ఏడో చెట్టుకి వరసగా మూడోసారి కాయ లేదు. "దీన్ని మార్చేద్దాం, పక్కది నిండా ఉంది" అంది అమ్మాయి. కుదరదన్నాను. కాసిన చెట్లనే ఏరుకుంటూ పోతే మన పుస్తకంలో ప్రతి ఏడూ మంచి కాపే కదా! అది మూతి ముడుచుకుని, గడి దాటి పక్క గడిలోకి పోయేంత పెద్ద సున్నా చుట్టింది.