మూడో ఉత్తరం

గడువు డిసెంబరు 15. అమెరికాలో ఎంఎస్‌కు సాధారణంగా మూడు సిఫారసు ఉత్తరాలు అడుగుతారు. నాకు రెండే వచ్చాయి. మూడోది రాస్తానని మాట ఇచ్చిన మా మేనేజరు, నేను ఉద్యోగం మానేసి చదువుకు వెళ్తానని ఖాయంగా తెలిశాక ఫోను ఎత్తడం లేదు. పైగా నన్ను రాత్రి షిఫ్టుకు మార్చారు.

ఆ సాయంత్రం రుషికొండ నుంచి బస్సులో వచ్చి ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి దగ్గర చీకటి పడేదాకా కూర్చున్నాను. ఏడ్చాను కూడా. నాన్నకు ఫోను చేస్తే ఒక్కటే అడిగారు: "నీకు చదువు చెప్పినవాళ్లు లేరా తల్లీ?"

మర్నాడు ఎంవీపీ కాలనీలో, నా బీటెక్ ప్రాజెక్టు చూసిన మేడం ఇంటికి వెళ్లాను. నాలుగేళ్లయింది, నన్ను మరిచిపోయి ఉంటారనుకున్నాను. ఆమె బీరువాలోంచి నా పాత నివేదిక తీసి, మూడో అధ్యాయం పక్కన తాను పెట్టిన పెన్సిలు గుర్తులు చూపించారు. "ఇంతకు ముందే చెప్పొద్దా అమ్మా!" అని కోప్పడి, కాఫీ ఇచ్చారు.

దరఖాస్తులో మేనేజరు పేరు తీసి ఆమె పేరు పెట్టాను. ఉత్తరం చూసే హక్కు వదులుకున్నాను (రాసేవారు మనసు విప్పి రాయాలంటే అదే మంచిది). 14వ తేదీ రాత్రి షిఫ్టులో ఉండగా "ఉత్తరం అందింది" అని మెయిలు వచ్చింది. తెల్లవారగానే మేడంకు ఫోను చేశాను. గొంతు పెగల్లేదు.