అరఫాత్‌లో పాలగిన్నె

రమజాన్ ఉపవాసాలకు సంబంధించిన విధులు ఖుర్ఆన్‌లో ఒకే చోట, రెండో సూరా అల్ బఖరాలో 183వ వాక్యం మొదలుకొని 187వ వాక్యం వరకు ఉన్నాయి. పూర్వం వారికి విధించినట్లే మీకూ ఉపవాసాలు విధించాము, మీలో భయభక్తులు పెంపొందాలని, అంటుంది మొదటి వాక్యం. అక్కడికి రెండు వాక్యాల తరువాతనే, 185వ వాక్యంలో, అల్లాహ్ మీకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు, కష్టాన్ని కోరడం లేదు అన్న మాట వస్తుంది. తెల్లవారుజామున సహరీ భోజనం ముగించినది మొదలు సూర్యాస్తమయపు నమాజు పిలుపైన మగ్రిబ్ అజాన్ వినబడే వరకు గుక్కెడు నీళ్లు కూడా ముట్టని దీక్ష మధ్యలో ఈ సౌలభ్యం ఎక్కడుందని నేను చాలాకాలం ఆలోచించాను. దానికి జవాబు రమజాన్ నెల ఒక్కదానిలోనే వెదికితే సగమే దొరికింది; ఏడాది పొడుగునా ఏ రోజు ఉండాలో, ఏ రోజు ఉండకూడదో చెప్పే నియమాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు మిగతా సగం దొరికింది.

రోజాను, అంటే ఈ ఉపవాసాన్ని, మన పల్లెల్లో ఒక్కపొద్దు అనేవారూ ఉన్నారు. అరబీలో దానికున్న పేరు సౌమ్. ఆగడం, నిగ్రహించుకోవడం అని దాని అర్థం. ముస్లింల హిజ్రీ శకం 2వ సంవత్సరంలో విధి అయిన ఈ నిగ్రహం చాంద్రమానాన్ని అనుసరిస్తుంది కనుక ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరిగి, ముప్పై మూడేళ్లలో ఋతువులన్నిటినీ చుట్టి వస్తుంది. 2018లో మే నెల నడిఎండల్లో మొదలైన రమజాన్ 2024 నాటికి మార్చి రెండో వారానికి వచ్చింది. ఎండ వాటా, చలి వాటా అందరికీ సమంగా అందే ఏర్పాటు ఇది. రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఆ వాక్యాల్లోనే ఉంది. తప్పిన రోజాలను వారు తరువాత పూర్తిచేసుకోవాలి. ఋతుస్రావంలో ఉన్న స్త్రీ రోజా ఉండకూడదు, ఆమె కూడా తరువాత లెక్క తీర్చుకోవాలి. ఇక కోలుకునే ఆశ లేని వృద్ధులు, రోగులు రోజుకొక పేదవానికి అన్నం పెడితే చాలు, దాన్నే ఫిద్యా అంటారు. రోజా సంగతి మరచి తిన్నవాడు గుర్తు రాగానే ఆపి రోజాను కొనసాగించాలి, ఎందుకంటే అతనికి తినిపించినవాడు, తాగించినవాడు అల్లాహే అన్నారు దైవప్రవక్త ముహమ్మద్ (స).

మరి తెలిసి భంగపరిస్తే? ఒక వ్యక్తి ప్రవక్త (స) వద్దకు వచ్చి, నేను నాశనమైపోయాను, రోజాలో ఉండగా భార్యతో కలిశాను అని చెప్పుకున్నాడు. ఒక బానిసను విడిపించగలవా, వరుసగా రెండు నెలలు ఉపవాసం ఉండగలవా, అరవై మంది పేదలకు భోజనం పెట్టగలవా అని ప్రవక్త (స) ఒకదాని తరువాత ఒకటి అడుగగా అన్నిటికీ లేదనే అన్నాడు. అంతలో ఎవరో ఒక బుట్ట ఖర్జూరాలు తెచ్చారు. వీటిని దానం చెయ్యమని ఇస్తే, మదీనాలో మా ఇంటికన్నా పేద ఇల్లు ఏదీ అన్నాడా మనిషి. ప్రవక్త (స) పళ్లు కనబడేలా నవ్వి, అయితే నీ ఇంటివారికే పెట్టు అన్నారు. పరిహారపు లెక్క ఎంత కఠినమైనదో చెప్పేందుకు ఈ హదీసును, అంటే ప్రవక్త మాటలు, చేతలు తెలిపే ఈ ఉల్లేఖనాన్ని, ఉదహరిస్తుంటారు గాని, ఆ నవ్వును కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్లు.

రమజాన్ తరువాత నఫిల్ రోజాలు మన ఇష్టానికి వదిలినవి. రమజాన్ రోజాల తరువాత వచ్చే షవ్వాల్ నెలలో ఆరు రోజాలు ఉంటే ఏడాదంతా ఉన్న పుణ్యం. ఒక్క మేలుకు పదింతల ప్రతిఫలం కనుక రమజాన్ ముప్పై, ఈ ఆరు కలిపిన ముప్పై ఆరు మూడు వందల అరవై అవుతుందని పండితుల వివరణ. సోమ, గురువారాలు, చాంద్రమాన నెలలో వెన్నెల నిండిన 13, 14, 15 తేదీలు కూడా ఇలాంటివే. రమజాన్‌కు ముందు నెల షాబాన్‌లో ప్రవక్త (స) ఎక్కువగా ఉపవాసాలు ఉండేవారు. ప్రవక్త సతీమణి హజ్రత్ ఆయిషా (ర) తమకు తప్పిన రమజాన్ రోజాలను ఆ నెలలోనే తీర్చుకునేవారు. మన ఊళ్లలో పీర్ల పండుగగా పేరుపడిన మొహర్రం పదో రోజు అనగానే చాలామందికి హిజ్రీ 61లో కర్బలాలో ఇమామ్ హుసేన్ (ర) అమరులవడమే గుర్తుకొస్తుంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, మూసా ప్రవక్త (అ) ఈజిప్టు రాజు ఫిరౌన్ బారి నుంచి బయటపడిన దినంగా ఆ ఆషూరా నాడు ప్రవక్త (స) ఉపవాసం ఉన్నారు, వచ్చే ఏడాది బతికుంటే తొమ్మిదో రోజు కూడా ఉంటానన్నారు.

ఇన్ని అవకాశాలున్నప్పుడు అన్ని రోజులూ ఉంటే పోలేదా అని ప్రవక్త అనుచరుడు అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) అనుకున్నారు. ప్రతి పగలూ రోజా, ప్రతి రాత్రీ నమాజు. ప్రవక్త (స) ఆయనను పిలిచి, నీ శరీరానికి నీ మీద హక్కుంది, నీ కళ్లకు హక్కుంది, నీ భార్యకు హక్కుంది, నీ అతిథికి హక్కుంది అని చెప్పి, నెలకు మూడు రోజులు చాలన్నారు. ఆయన ఇంకా ఉండగలనని పట్టుబడితే చివరకు దావూద్ ప్రవక్త (అ) పద్ధతిని, అంటే రోజు విడిచి రోజును హద్దుగా గీశారు. వయసు మళ్లాక అబ్దుల్లా, ఆనాడు ఇచ్చిన సడలింపును ఒప్పుకుని ఉంటే బాగుండేదని అనుకునేవారట.

రెండు ఈద్‌ల నాడు రోజా నిషిద్ధం. బక్రీద్ తరువాతి మూడు తష్రీఖ్ దినాలు తినడానికి, తాగడానికి, అల్లాహ్‌ను స్మరించడానికి ఉన్న రోజులు. బక్రీద్‌కు ముందు రోజు, హజ్ నెల జుల్ హిజ్జా తొమ్మిదో తేదీ, అరఫా రోజు, హజ్‌కు వెళ్లనివారికి గొప్ప రోజా. గడిచిన ఏడాది పాపాలకు, రాబోయే ఏడాది పాపాలకు అది పరిహారమవుతుందని హదీసు. ప్రవక్త (స) తమ హజ్‌లో మక్కా సమీపంలోని అరఫాత్ మైదానంలో ఉండగా, ఆయన ఈ రోజు రోజాతో ఉన్నారా లేదా అని అక్కడివారు వాదించుకున్నారు. అది విని ప్రవక్త పినతండ్రి అబ్బాస్ భార్య ఉమ్ముల్ ఫజ్ల్ (ర) ఒక గిన్నెడు పాలు పంపారు. ఒంటె మీద ఉన్న ప్రవక్త (స) ఆ గిన్నెను అందుకుని, జనమంతా చూస్తుండగా తాగారు.