బత్తాయిల బిల్లు, టైప్ హింట్లు

నల్లగొండ, ఆదివారం

పొద్దున బ్యాచ్‌కు డిగ్రీ పిల్లలు బాగానే వచ్చారు. కరెంటు కూడా పోలేదు, అదొక సంతోషం. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో టైప్ హింట్లు, అంటే ఏ పేరులో ఏ రకం విలువ ఉంటుందో దాని పక్కనే రాసిపెట్టడం, ఈరోజు పాఠం.

ఒకడు ఏ వీడియో చూసి వచ్చాడో, ప్రతి లైనుకూ హింటు తగిలించాడు. వయసు పక్కన ఇంట్ (పూర్ణసంఖ్య) అని రాసి, దానికి 19 ఇచ్చాడు. 19 కళ్లముందే కనబడుతుంటే అది ఇంట్ అని మళ్లీ చెప్పడం ఎవరికోసం? తీసేయించాను. మొహం చిన్నబోయింది పాపం.

తర్వాత బత్తాయిల బిల్లు. మా జిల్లా పిల్లలకు వేరే ఉదాహరణ ఎందుకు? ధర, కిలోలు తీసుకుని గుణించే చిన్న ఫంక్షన్. ధరను ఇన్‌పుట్‌తో అడిగారు, కిలోలు 3 అని పెట్టారు. 40 కొడితే 120 రావాలి. స్క్రీన్ మీద 404040 పడింది. "గింత పిరమా సార్!" అని ఎవరో అనేసరికి క్లాసంతా గొల్లుమంది. ఇన్‌పుట్ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే, అంటే అంకెలు కొట్టినా అది అక్షరాల వరుసే. స్ట్రింగ్‌ను 3తో గుణిస్తే పైథాన్ దాన్నే మూడుసార్లు పక్కపక్కన పేరుస్తుంది. ఎర్రర్ కూడా రాదు, అదే అసలు తలనొప్పి.

అప్పుడు ఫంక్షన్ మొదటి లైనులో ధర, కిలోలు, తిరిగిచ్చేది అన్నీ ఇంట్ అని రాయించాను. రన్ చేస్తే మళ్లీ 404040.

"మరి రాసి ఏం ఫాయిదా సార్?" అంది వెనక బెంచీ అమ్మాయి.

నాకు కావలసిన ప్రశ్న అదే. 2015లో 3.5 వెర్షన్‌తో ఈ టైప్ హింట్లు వచ్చాయి. అప్పుడూ ఇప్పుడూ ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పైథాన్ వాటిని తనిఖీ చేయదు. ఆ పని మైపై లాంటి వేరే టూల్‌ది. దాన్ని నడిపితే ఇంట్ అడిగిన చోట స్ట్రింగ్ ఇస్తున్నావని లైను నంబరుతో సహా పట్టుకుంది. హింటు అసలే లేని ఫంక్షన్ లోపలికి మైపై, సెట్టింగ్ మారిస్తే తప్ప, తొంగి కూడా చూడదు. అందుకే ఫంక్షన్ మొదటి లైనుకు హింటు తప్పనిసరి అన్నాను. లోపలి మామూలు వేరియబుల్స్‌కు అక్కర్లేదు. ఖాళీ లిస్టు సంగతి వేరు, అందులో ఏం పడబోతుందో ఆ లైను చూస్తే తెలియదు కదా, రాయాల్సిందే.

డిక్షనరీల గురించి అడగబోయారు గానీ, నకిరేకల్ బస్సు టైమైందని సగం మంది అప్పటికే బ్యాగులు సర్దేశారు. అది వచ్చే వారం.